ప్రతి సోమవారం మొదలుపెడుతున్నా, గురువారానికి ఆగిపోతోంది. ఎవరైనా దారి చెప్పండి

అశోక్‌నగర్ బాటసారి | 2 నవంబర్ 2025, రాత్రి 11:40

అందరికీ నమస్తే. ఏడాదిగా ఇక్కడ అందరూ రాసేవి చదువుతున్నాను, నేను రాయడం ఇదే మొదటిసారి. వయసు 28. మాది సూర్యాపేట దగ్గర ఊరు. గ్రూప్-2 కోసం 2021లో హైదరాబాద్ వచ్చాను. అశోక్‌నగర్‌లో హాస్టల్ బెడ్, వీధి చివర రీడింగ్ రూమ్, సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది వరకు జిరాక్స్ షాపులో పని. ఇదీ నా లోకం.

విషయం సూటిగా చెప్పేస్తాను. 2024 డిసెంబర్ 15న పేపర్-1. పొద్దున పదింటికి పరీక్ష, తొమ్మిదిన్నరకు గేటు మూస్తారు. ముందు రాత్రి కాసేపు చూసి పడుకుందామని ఫోన్ పట్టుకుంటే మూడు దాటింది. అలారం మోగింది, ఆపాను. మళ్లీ కళ్లు తెరిచేసరికి ఎనిమిదీ యాభై. సెంటరేమో ఎల్బీనగర్ అవతల. ఆటో దిగి పరుగెత్తేసరికి 9:36. గేటు ఇవతల నాలాంటివాళ్లు ఇంకో ఐదుగురు ఉన్నారు. ఒకమ్మాయి ఏడుస్తోంది. నాకు ఏడుపు కూడా రాలేదు. బాగ్‌లింగంపల్లి సుందరయ్య పార్కుకి వచ్చి సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చున్నాను. మిగతా మూడు పేపర్లకూ వెళ్లలేదు.

ఇంటికి ఫోన్ చేసి "రాశాను, పేపర్ టఫ్‌గా వచ్చింది" అన్నాను. ఫలితాలు వచ్చాక "కొద్దిలో పోయింది" అన్నాను. నాన్న "పోనీలే, ఈసారి చూద్దాం" అని నెలనెలా ఆరు వేలు పంపుతూనే ఉన్నాడు.

అప్పటి నుంచి ప్రతి సోమవారం కొత్త టైమ్‌టేబుల్. సోమవారం పద్నాలుగు గంటలు చదువుతాను, మంగళవారం పది, బుధవారం ఆరు. గురువారం ఏదో ఒకటి అడ్డం వస్తుంది, ఫోన్ చేతిలోకి వస్తుంది. ఇక ఆ వారం పోయినట్టే. శుక్ర, శని, ఆదివారాలు పడుకోవడం, తిట్టుకోవడం. మంచం పక్కన గోడకి టైమ్‌టేబుళ్లు ఒకదాని మీద ఒకటి అంటించీ అంటించీ అట్టలా తయారైంది.

రేపు మళ్లీ సోమవారం. రాయడానికి కొత్త కాగితం కూడా తెచ్చుకున్నాను. భయంగా ఉంది.

ఉప్పల్ నైట్‌షిఫ్ట్ | 2 నవంబర్, రాత్రి 11:58

ఫోన్ అమ్మేయ్ బ్రో. బటన్ ఫోన్ కొనుక్కో. పనైపోతుంది.

అశోక్‌నగర్ బాటసారి | 3 నవంబర్, అర్ధరాత్రి 12:05

మార్చిలో కొన్నాను అన్నా. రెండు వారాలు నడిచింది. తర్వాత కరెంట్ అఫైర్స్ పీడీఎఫ్‌లన్నీ టెలిగ్రామ్‌లోనే వస్తున్నాయని పాత ఫోన్ మళ్లీ బయటికి తీశాను. పీడీఎఫ్‌లు డౌన్‌లోడ్ అయ్యాయి. ఒక్కటీ తెరవలేదు.

దిగిపోయిన కండక్టర్ | 3 నవంబర్, ఉదయం 5:20

బిడ్డా, నేను ఆర్టీసీలో 29 ఏళ్లు కండక్టర్‌గా చేసి దిగినవాణ్ణి. తాగుడు మాని 14 ఏళ్లు. నీది చదువు సంగతి, నాది మందు సంగతి. అయినా నీ గురువారం చదివాక నా పాత రోజులు కళ్ల ముందుకొచ్చాయి, నిద్ర పట్టలేదు.

మందు మానతానని ఎన్నిసార్లు ఒట్టేశానో ఆ యాదగిరిగుట్ట స్వామికే తెలియాలి. ప్రతిసారీ "జన్మలో ముట్టను" అనే. జన్మంటే చాలా పొడుగు కదా, నాలుగు రోజులకే అలసట వచ్చేది. ఒక డ్రైవరన్న నన్ను సికింద్రాబాద్‌లో ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగుకి పట్టుకుపోయాడు. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు, ఒకాయన స్టాక్ బ్రోకరు, ఇంకొకాయన డాక్టరు, కలిసి మొదలుపెట్టింది అది. అక్కడ జన్మ మాట ఎవరూ ఎత్తరు. ఈ ఒక్క రోజు తాగకు అంటారు. రేపటి సంగతి రేపు చూద్దాం అంటారు.

అలా 46 రోజులు గడిచాయి. 47వ రోజు మేనల్లుడి పెళ్లి బరాత్‌లో ఒక్క గ్లాసు పడింది. ఒక్కటే. ఆ తర్వాత "ఎలాగూ తప్పాం కదా" అని మూడు రోజులు ఇల్లు చేరలేదు. నిండా మునిగినవాడికి చలేంటి అంటారు చూడు. ఆ గ్లాసు నన్ను ముంచలేదు బిడ్డా, ఆ సామెత ముంచింది.

నాలుగో రోజు సిగ్గుతో మీటింగుకి పోతే అక్కడి పెద్దాయన తిడతాడనుకున్నాను. "రేపు ఎన్నింటికి వస్తావు?" అని అడిగాడు, అంతే.

మాకు ఎస్సార్ అని ఒక కాగితం ఉండేది. టికెట్ మిషన్లు రాకముందు స్టేజీ స్టేజీకి టికెట్ నంబర్లు దాని మీద రాసుకోవాలి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి కోఠి దాకా కాలు పెట్టే సందు లేని బస్సులో ఒక స్టేజీ రాయడం తప్పిపోయేది. అప్పుడు కాగితం చింపేసి బస్సు డిపోకి తిప్పుకుపోతామా? తప్పింది తప్పింది, వచ్చే స్టేజీ దగ్గర నంబరు వేస్తాం. చెకింగ్ వాళ్లు ఎక్కితే తిట్లు పడతాయి, అది వేరే ముచ్చట. నువ్వేమో గురువారం ఒక గడి ఖాళీ పడగానే కాగితం చింపి సోమవారం దాకా డిపోలో పడుకుంటున్నావు.

చిల్లర శ్రీమంతుడు | 3 నవంబర్, ఉదయం 9:12

కండక్టర్ గారూ, పొద్దున్నే ఏడిపించారు సార్.

తమ్ముడూ, నేను మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్. షేర్ మార్కెట్ ఆప్షన్స్‌లో 11 లక్షలు పోగొట్టుకున్నాను. మొదట పోయింది నలభై వేలే. మిగతా పది లక్షల పైచిలుకు ఆ నలభై వేలు తిరిగి తెచ్చుకుందామనే పోయాయి. నేనొక్కణ్ణే వెర్రివాణ్ణి అనుకునేవాణ్ణి. 2024లో షేర్ మార్కెట్‌ను పర్యవేక్షించే సెబీ లెక్క బయటపెట్టింది. మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓలో, అంటే ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన చిన్న మదుపరుల్లో 93 శాతం మందికి నష్టమేనట. నాకు తోడు చాలామందే ఉన్నారు.

నీ సోమవారం పద్నాలుగు గంటలు చూడగానే నేను పెంచుకుంటూ పోయిన లాట్‌లు గుర్తొచ్చాయి. నిన్న పోయింది, ఈరోజు రెండింతలు పెట్టి రాబడదాం. అది చదువు కాదు తమ్ముడూ, రికవరీ. పోయిన వారం బకాయి అంతా సోమవారం నెత్తిన పెడితే అది గురువారం దాకా నడవడమే గొప్ప.

ఇప్పుడు నెలకు 18 వేల ఈఎంఐ, ఇంకా 26 ఉన్నాయి. ఈఎంఐకి హీరోయిజం అక్కర్లేదు. ఒక నెల ఊపొచ్చి రెండు కట్టినా వచ్చే నెల ఐదో తారీఖు ఆగదు. నాకు బుద్ధి నేర్పింది అదే. నీకూ అలాంటి చిన్న కిస్తీ ఒకటి పెట్టుకో. సిగ్గుపడేంత చిన్నది పెట్టుకో.

సైకాలజీ మాస్టారు | 3 నవంబర్, మధ్యాహ్నం 1:30

డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి కాస్త పాఠంలాగే ఉంటుంది, ఓపిక పట్టండి.

21 రోజులు చేస్తే అలవాటైపోతుందనే మాట అందరూ విన్నదే. 1960లో ఒక అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ తన పేషెంట్లను చూసి, కొత్త ముఖానికి అలవాటు పడడానికి కనీసం 21 రోజులు పడుతోందని రాశాడు. జనం నోళ్లలో నాని నాని అందులోని "కనీసం" రాలిపోయింది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని పన్నెండు వారాలు గమనించి చేసిన పరిశోధన 2010లో అచ్చయింది. మధ్యాహ్న భోజనంతో ఒక పండు తినడం, రాత్రి భోజనానికి ముందు పదిహేను నిమిషాలు పరుగెత్తడం లాంటి మామూలు పనులే వాళ్లు ఎంచుకున్నవి. అలవాటు స్థిరపడడానికి సగటున 66 రోజులు తేలింది. కానీ ఆ సగటు వెనుక 18 రోజుల వాళ్లూ ఉన్నారు, 254 రోజుల అంచనా వచ్చినవాళ్లూ ఉన్నారు. నాకు బాగా నచ్చిన ముక్క ఇంకొకటుంది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు ఏర్పడడానికి పెద్దగా దెబ్బ తగల్లేదు. కండక్టర్ గారి ఎస్సార్ కాగితం చెప్పిందీ ఇదే.

రెండోది తిట్టుకోవడం గురించి. కెనడాలోని కార్ల్‌టన్ యూనివర్సిటీలో మొదటి పరీక్షకు చదవడం వాయిదా వేసిన విద్యార్థులను చూశారు. "సరే, తప్పు చేశాను" అని తమను తాము క్షమించుకున్నవాళ్లు రెండో పరీక్షకు వాయిదాలు తగ్గించుకున్నారు. ఇదీ 2010లో వచ్చిందే. తిట్టుకుంటే బుద్ధి వస్తుందని మనం అనుకుంటాం. తిట్టుకునే మనిషి పుస్తకం కనబడితే చాలు, పక్కకు తప్పుకుంటాడు. పుస్తకం తీస్తే తిట్లు మొదలవుతాయి కదా మరి.

ఒక చిన్న సలహా. ఎన్ని గంటలు అని రాసుకోవద్దు. దేని తర్వాత, ఎక్కడ అని రాసుకోండి. "టీ గ్లాసు కింద పెట్టగానే రీడింగ్ రూమ్‌లో పాలిటీ పుస్తకం తీస్తాను" అన్నట్టు.

ఉప్పల్ నైట్‌షిఫ్ట్ | 3 నవంబర్, మధ్యాహ్నం 1:44

టీ కొట్టు బంద్ ఉన్న రోజు రాజ్యాంగం కూడా బందా సార్ 😄

నిష్ఠూరం | 3 నవంబర్, సాయంత్రం 6:05

అందరూ తియ్యగా చెబుతున్నారు, నేను చేదు చెబుతాను. ఎవరో ఒకరు చెప్పాలి.

ఆ గ్రూప్-2కి నోటిఫికేషన్ వచ్చింది 2022 డిసెంబర్‌లో, పోస్టులు 783. 2023 ఆగస్టులో అన్న పరీక్ష వాయిదాల మీద వాయిదాలు పడి 2024 డిసెంబర్ 15, 16న జరిగింది. దరఖాస్తులు ఐదున్నర లక్షలు. రాయడానికి వచ్చినవాళ్లు సగం కూడా లేరు. కాబట్టి తమ్ముడూ, ఆ రోజు గేటు బయట ఉన్నది నువ్వూ ఆ ఐదుగురే అనుకోకు.

నేనూ అదే అశోక్‌నగర్‌లో ఆరేళ్లు ఉన్నాను. మా రూములో క్రమశిక్షణ అంటే ఏంటో చూపించగలిగేవాడు ఒకడుండేవాడు. నాలుగింటికి లేచేవాడు, పండక్కి కూడా ఊరు వెళ్లేవాడు కాదు. వాడికి ఉద్యోగం రాలేదు. వాడు తప్పు చేశాడని ఎవరైనా అంటే ఒప్పుకోను. 783 కుర్చీల ముందు లక్షల మంది నిలబడితే చాలామంది నిలబడే ఉంటారు, ఎంత పద్ధతిగా నిలబడినా సరే.

నేను చెప్పేది ఒక్కటే. ఒక తేదీ పెట్టుకో. ఆ తేదీ దాటితే వేరే పని. 2024లో వయోపరిమితి 46కి పెంచారు కదా అని 46 దాకా ఆ బెడ్ మీద కూర్చోకు.

దిగిపోయిన కండక్టర్ | 3 నవంబర్, సాయంత్రం 6:40

నిష్ఠూరం బాబూ, నీ మాటలో నిజముంది. కానీ ఆ పిల్లవాడు ఇప్పుడు ఉద్యోగం అడగలేదు. గురువారం దాటే దారి అడిగాడు. వేరే పనిలో చేరినా ఆ వారంలోనూ గురువారం వస్తుంది కదా?

నిష్ఠూరం | 3 నవంబర్, సాయంత్రం 6:52

అదీ నిజమే పెద్దాయనా. ఇప్పుడు చిన్న ప్రింటింగ్ ప్రెస్ నడుపుకుంటున్నాను. నా గురువారాలు కూడా అంత గొప్పగా ఏం లేవు.

గచ్చిబౌలి అమ్మ | 4 నవంబర్, ఉదయం 10:20

మా పాప బ్యాడ్మింటన్ నేర్చుకుంటుంది. పొద్దున నాలుగున్నరకు కారు తీసేది నేను. క్రమశిక్షణ పాపదని అందరూ మెచ్చుకుంటారు, అలారం నాది, టిఫిన్ బాక్స్ నాది. అది పక్కన పెడదాం.

2016 రియో ఒలింపిక్స్ ముందు సింధు ఫోన్ మూడు నెలలు గోపీచంద్ గారి దగ్గరే ఉంది. పతకం వచ్చాక ఆయనే చెప్పారు, ఇక ఫోన్ ఇచ్చేస్తాను, ఐస్‌క్రీమ్ కూడా తినొచ్చు అని. ఒలింపిక్ రజతం గెలిచిన అమ్మాయికి ఫోన్ పక్కన పెట్టుకుని చూడకుండా ఉండమని ఎవరూ చెప్పలేదు. తీసేసుకున్నారు. మనం మాత్రం ఫోన్ దిండు కింద పెట్టుకుని మనోబలం లేదని బాధపడుతుంటాం. బాబూ, నీ ఫోన్ రాత్రి ఎవరి దగ్గర ఉండాలో ముందు అది తేల్చుకో.

ఇంకో మాట. ఆ అమ్మాయి 2017లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో జపాన్ అమ్మాయి ఒకుహారా చేతిలో 110 నిమిషాలు ఆడి ఓడింది. 2018లో మళ్లీ ఫైనల్, స్పెయిన్ అమ్మాయి మారిన్ చేతిలో ఓటమి. ఫైనల్ అంటే సింధు ఓడుతుందని జోకులు వేసేవారు, మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో కూడా. 2019లో బాసెల్‌లో అదే ఒకుహారా మీద 21-7, 21-7. ముప్పై ఎనిమిది నిమిషాల్లో అయిపోయింది. ఆ మ్యాచ్ చూస్తూ మా వారు టీ పెట్టమన్నారు. టీ పెట్టుకొచ్చేలోపు మొదటి గేమ్ అయిపోయింది.

కారంపొడి | 4 నవంబర్, మధ్యాహ్నం 3:15

మల్కాజిగిరి నుంచి. ఇద్దరు పిల్లలు. పెళ్లయ్యాక ఆగిపోయిన డిగ్రీని పద్నాలుగేళ్ల తర్వాత అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో పూర్తి చేశాను. కుక్కర్ పెట్టాక మూడు విజిల్స్ వచ్చేదాకా చదివేదాన్ని. పప్పు రోజు ఎక్కువ పేజీలు, అన్నం రోజు తక్కువ. నా టైమ్‌టేబుల్ అదే.

అందరూ ఫోన్ గురించీ గంటల గురించీ చెప్పారు. నాకు వేరే అనుమానం తమ్ముడూ. మొదటి సంవత్సరం నాకు రెండు పేపర్లు పోయాయి. ఇంట్లో అన్నీ పాసయ్యానని చెప్పాను, అత్తగారి ముందు చిన్నబోవడం ఇష్టం లేక. ఆ తర్వాత ఆరు నెలలు పుస్తకం తీస్తే అక్షరాలు కనిపించేవి కావు, ఆ అబద్ధమే కనిపించేది. పోయిన పేపర్లు దొంగచాటుగా చదవాలి, ఫీజు దొంగచాటుగా కట్టాలి. చివరికి ఒక రోజు మా ఆయనకు చెప్పేశాను. రెండు రోజులు ముఖం మాడ్చుకున్నాడు. మూడో రోజు ఫీజు ఎంతని అడిగాడు.

నువ్వు పద్నాలుగు గంటలు ఎందుకు పెట్టుకుంటున్నావో తెలుసా? ఉద్యోగం వస్తే ఆ అబద్ధం చెప్పకుండానే కప్పేయొచ్చని. అంత బరువు మోస్తూ ఎవరు మాత్రం గురువారం దాటతారు? ఇంట్లో చెప్పు.

నిష్ఠూరం | 4 నవంబర్, మధ్యాహ్నం 3:50

అక్కా, చెప్పేసి ఇతని బరువు ఇతను దించుకుంటాడు. ఆ బరువు ఆ తండ్రి నెత్తి మీదకు పోతుంది. అది న్యాయమా?

కారంపొడి | 4 నవంబర్, సాయంత్రం 4:10

నెలకు ఆరు వేలు పంపుతున్నాడు కదా అన్నయ్యా. దేనికి పంపుతున్నాడో ఆయనకు తెలియాలా, అక్కర్లేదా?

మోడరేటర్ | 4 నవంబర్, రాత్రి 8:00

చర్చ బాగుంది. కోచింగ్ సెంటర్ల పేర్లు, ప్రకటనలు పెట్టిన మూడు పోస్టులు తీసేశాం.

అశోక్‌నగర్ బాటసారి | 16 నవంబర్, రాత్రి 7:30

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. షాపులోంచే రాస్తున్నాను, ఎందుకో చెబుతాను.

గచ్చిబౌలి అమ్మ గారి మాట పట్టుకుని మా షాపు ఓనర్‌ని అడిగాను. రాత్రి తొమ్మిదికి షాపు మూసేటప్పుడు నా ఫోన్ కౌంటర్ సొరుగులో పెట్టి తాళం వేస్తాడు, మర్నాడు నాలుగింటికి ఇస్తాడు. ఇంటివాళ్లకు అర్జెంటయితే హాస్టల్లో పక్క బెడ్ అతని నంబర్ ఇచ్చాను. మొదటి రెండు రాత్రులు నిద్ర పట్టక పైకప్పు చూస్తూ పడుకున్నాను. చెయ్యి దానంతటదే దిండు కిందికి పోయేది. అది చూస్తే నాకే భయమేసింది.

కిస్తీ కూడా పెట్టుకున్నాను. ఉదయం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర. రెండే గంటలు. రీడింగ్ రూమ్‌లో మూల సీటు, పైన ఫ్యాన్ పనిచేయదు కాబట్టి ఎవరూ కూర్చోరు, ఎప్పుడూ ఖాళీయే. ఆ తర్వాత చదివితే చదివినట్టు, లేకపోతే లేదు. రెండు గంటలు చదివి లేస్తే మొదట్లో దొంగతనం చేసినట్టుండేది. పక్కన అందరూ పన్నెండు గంటలవాళ్లే మరి. పదమూడు రోజుల్లో పదకొండు రోజులు వెళ్లాను. గోడ మీది అట్ట పీకేశాను, సున్నం కూడా ఊడొచ్చింది.

కారంపొడి అక్కా, ఇంట్లో ఇంకా చెప్పలేదు.

చిల్లర శ్రీమంతుడు | 16 నవంబర్, రాత్రి 9:45

పదకొండు కిస్తీలు! నా బ్యాంకు వాడు వింటే నీకు లోన్ ఇచ్చేస్తాడు, తీసుకోకు.

అశోక్‌నగర్ బాటసారి | 22 నవంబర్, సాయంత్రం 5:10

మొన్న గురువారం పడిపోయాను.

పక్క బెడ్ అతనికి ఉద్యోగం వచ్చింది. చిన్నదే, కానీ ప్రభుత్వానిది. రాత్రి అందరం ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో బిర్యానీకి వెళ్లాం. అతను మంచివాడు, నాకు నోట్స్ కూడా ఇచ్చాడు. అయినా ముద్ద దిగలేదు. ఆ దారిలోనే షాపు ఓనర్‌కి అతని ఫోన్ నుంచే కాల్ చేసి, ఇంటి నుంచి అర్జెంట్ ఫోన్ రావాలని అబద్ధం చెప్పి, సొరుగు తీయించి నా ఫోన్ తెచ్చుకున్నాను. తెల్లవారుజామున నాలుగు దాకా చూశాను. శుక్రవారం పొద్దున వెళ్లలేదు. మధ్యాహ్నం లేచి, ఇక సోమవారం చూద్దాం అనుకున్నాను.

రాత్రి ఫోన్ మళ్లీ సొరుగులో పెడుతుంటే ఓనర్ "ఇంట్లో అంతా బాగేనా?" అని అడిగాడు. బాగేనన్నాను.

ఈరోజు శనివారం. ఆరున్నరకు కాదు, ఏడూ ఇరవైకి వెళ్లాను. నలభై నిమిషాలు కూర్చున్నాను. ఏం చదివానో గుర్తు లేదు. కండక్టర్ సార్, తప్పిన స్టేజీ తప్పింది. తర్వాతి స్టేజీ దగ్గర నంబర్ వేశాను.

దిగిపోయిన కండక్టర్ | 22 నవంబర్, సాయంత్రం 5:31

రేపు ఎన్నింటికి పోతావు?

అశోక్‌నగర్ బాటసారి | 22 నవంబర్, సాయంత్రం 5:33

ఆరున్నరకు.

సైకాలజీ మాస్టారు | 22 నవంబర్, రాత్రి 8:15

మీ గురువారం నుంచి సోమవారం దాకా ఇదివరకు నాలుగు రోజులు పోయేవి. ఈసారి ఒక్క రోజు పోయింది. రెండు గంటల సంగతి కన్నా నేను దీన్నే చూస్తాను.

ఇంకొకటి. పడిన రోజును దాచుకోకుండా రాసి పెట్టుకోండి, ఏ పూట, ఎవరితో, ఏం జరిగాక అని. మీ కథలో పరీక్ష ముందు రాత్రి ఫోన్, బిర్యానీ రాత్రి ఫోన్ ఒకే మందు. రెండుసార్లూ లోపల ఒక భయం ఉంది, దాన్ని చూడలేక ఫోన్ చూశారు. భయం వచ్చిన రాత్రి ఏం చేయాలో పగలే తేల్చుకుని పెట్టుకోండి. రాత్రి పదకొండింటికి ఎవరికీ తెలివైన నిర్ణయాలు రావు, నాకు కూడా.

కారంపొడి | 22 నవంబర్, రాత్రి 8:40

ఓనర్‌కి కూడా అబద్ధమే చెప్పావు చూడు. ఒకటి దాచడం అలవాటైతే రెండోదానికి నోరు తడబడదు. నేను నీ వెంట పడుతున్నానని అనుకోకు. అనుకున్నా ఫరవాలేదు.

అశోక్‌నగర్ బాటసారి | 11 డిసెంబర్, సాయంత్రం 4:20

నిన్న చెప్పాను.

ఊరికి ఫోన్ చేశాను. నాన్న పత్తి చేనులో ఉన్నాడు. "నాన్నా, పోయిన సంవత్సరం నేను పరీక్ష రాయలేదు. లేటయి గేటు మూసేశారు. రాశానని అబద్ధం చెప్పాను" అని ఒక్క గుక్కలో చెప్పేశాను. ముందు రోజు కాగితం మీద రాసుకున్నది అదే, మూడు వాక్యాలు. అటు నుంచి ఏం వినపడలేదు. గాలి శబ్దం వస్తోంది. లైన్ కట్ అయిందేమో అనుకున్నాను. తర్వాత నిజంగానే కట్ చేశాడు.

అమ్మ రాత్రి పక్క బెడ్ అతని ఫోన్‌కి చేసింది. నాన్న అన్నం తినలేదంది. "ఇన్ని రోజులు ఎట్లా దాచినవురా" అంది. ఇక నుంచి ఆరు వేలు పంపొద్దని, షాపు జీతంతో సర్దుకుంటానని చెప్పాను. నిష్ఠూరం అన్నా, మీరు అడిగిన తేదీ కూడా ఒకటి పెట్టుకున్నాను. అది ఇక్కడ రాయను, అమ్మకు చెప్పాను.

తేలికగా ఏం లేదు. కడుపులో తిప్పుతోంది. ఈరోజు పొద్దున మాత్రం వెళ్లాను. ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర, ఫ్యాన్ లేని సీటు.

నిష్ఠూరం | 11 డిసెంబర్, సాయంత్రం 5:00

కారంపొడి అక్కతో నేను వాదించింది తప్పో ఒప్పో ఇంకా తేలలేదు నాకు. కానీ తమ్ముడూ, మూడు వాక్యాలు కాగితం మీద రాసుకుని చదివావు చూడు, అది నాకు చేతకాదు. మా నాన్నతో చెప్పాల్సినవి చెప్పకుండానే ఆయన పోయారు.

ప్రెస్‌లో డీటీపీ చేసే మనిషి కావాలి నాకు, ఉదయం పూట కాదు, మధ్యాహ్నం పన్నెండు నుంచి. జిరాక్స్ షాపు కన్నా రెండు వేలు ఎక్కువ ఇవ్వగలను. మెసేజ్ పెట్టు.

అశోక్‌నగర్ బాటసారి | 15 డిసెంబర్, సాయంత్రం 6:15

శనివారం నాన్న ఫోన్ చేశాడు. మూడు రోజుల తర్వాత. ఆ సంగతి ఎత్తనే లేదు. "పంచాయతీ ఎన్నికల గోలలో కూలీలు దొరకట్లేదు. రేపు వస్తే పత్తి తీయాలి. పత్తి అమ్మడానికి ఆ కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ కూడా నువ్వే బుక్ చేయాలి, నాకు అర్థం కావట్లేదు" అన్నాడు. ఈ సీజన్ (2025-26) మద్దతు ధర క్వింటాలుకు 8,110 ఉంది కానీ తేమ 12 శాతం దాటితే కొనరు, అందుకే ఎండ ఉండగానే తీసి ఆరబెట్టాలని ఆయన తొందర.

ఓనర్‌ని అడిగి ఫోన్ తీసుకున్నాను, ఈసారి నిజం చెప్పే. రాత్రి బస్సుకే వెళ్లాను. ఆదివారం పొద్దున మంచు ఆరాక చేనులోకి దిగి సాయంత్రం దాకా తీశాను. స్లాట్ బుక్ చేశాను. నాన్న పెద్దగా మాట్లాడలేదు. మధ్యాహ్నం గట్టు మీద తింటుంటే మామిడికాయ పచ్చడి డబ్బా నా వైపు జరిపాడు.

ఈరోజు తెల్లవారుజామున బస్సెక్కి తిన్నగా రీడింగ్ రూమ్‌కే వచ్చాను, 7:10 అయింది. ఏడాది కిందట ఇదే రోజు సుందరయ్య పార్కులో ఉన్నాను.

ఒక సందేహం. ఆదివారం రెండు గంటలు తప్పిపోయినట్టా, లేనట్టా? కాగితంలో ఏం వేయాలో తెలియక గడి ఖాళీగా వదిలేశాను.

చిల్లర శ్రీమంతుడు | 15 డిసెంబర్, సాయంత్రం 6:30

బ్యాంకు సెలవు. పెనాల్టీ లేదు.

సైకాలజీ మాస్టారు | 15 డిసెంబర్, సాయంత్రం 6:48

తప్పినట్టే వేయండి. మంచి కారణమైనా తప్పింది తప్పిందే. మంచి కారణాలకు గడి నింపడం మొదలుపెడితే రేపటి నుంచి అన్నీ మంచి కారణాలే అవుతాయి.

గచ్చిబౌలి అమ్మ | 15 డిసెంబర్, రాత్రి 7:05

మాస్టారు గారూ, మరీ అంత నిక్కచ్చిగానా!

దిగిపోయిన కండక్టర్ | 15 డిసెంబర్, రాత్రి 7:20

గడి ఖాళీగా ఉంటే ఉండనీ. ఎన్ని కిలోలు తీశావు?

అశోక్‌నగర్ బాటసారి | 15 డిసెంబర్, రాత్రి 7:22

ముప్పై రెండు సార్. అమ్మ అరవై ఒకటి.